మత్తు డాక్టర్ల లెక్కలు తెలిసిన ఆడిటర్ ఆఫీసు, హన్మకొండ నక్కలగుట్ట: రెండేళ్ల అనుభవం

నేను మత్తు డాక్టర్‌ని. ఏ ఆసుపత్రిలోనూ ఉద్యోగం చేయను, పిలిచిన చోటికి వెళ్లి కేసుకింత అని తీసుకుంటా. పొద్దున హన్మకొండలో రెండు కేసులు, మధ్యాహ్నం నర్సంపేట, రాత్రి రెండింటికి సిజేరియన్ ఉంది రమ్మని పరకాల నుంచి ఫోన్. కొందరు టీడీఎస్ (ఇచ్చే ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకొని నెలాఖరుకు అకౌంట్‌లో వేస్తారు, కొందరు ఫోన్‌పే చేస్తారు, కొందరు కేసు అయిపోగానే కవర్‌లో పెట్టి చేతికిస్తారు. ఇలాంటి సంపాదనకు లెక్క కట్టడం తెలిసిన ఆడిటర్ దొరకడం కష్టం, అందుకే ఈ ఆఫీసు గురించి రాస్తున్నా. సీఏల ప్రచారం మీద ఆంక్షలు ఉన్నాయి కాబట్టి పేరు రాయొద్దని ఆ సారే అన్నారు.

అంతకుముందు వేరే ఒకాయన దగ్గర చేయించేదాన్ని. ఆయన నా ఫీజులన్నీ జీతం కింద చూపించి, జీతగాళ్లు వేసే ఐటీఆర్-1 రిటర్న్ వేసేశారు. ఆసుపత్రులేమో 194జె కింద, అంటే వృత్తి ఫీజు కింద, 10 శాతం పట్టుకున్నాయి. రెండూ కలవక డిపార్ట్‌మెంట్ నుంచి మెసేజ్ వచ్చింది, ఆ రాత్రంతా టెన్షన్‌తో నిద్ర లేదు. పైగా రాబడి 20 లక్షలు దాటింది, జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలని కూడా భయపెట్టారు. డాక్టర్ చేసే వైద్యానికి జీఎస్టీ మినహాయింపు ఉందని, ఆ రాబడి ఒక్కటే ఉన్నవాళ్లకు రిజిస్ట్రేషనే అక్కర్లేదని ఈ సార్ దగ్గరికి వచ్చాకే తెలిసింది. పాత తప్పును రివైజ్డ్ రిటర్న్ వేసి సరిచేశారు.

మొదటిసారి వెళ్లినప్పుడు ఒక సంచి నిండా కాగితాలు పట్టుకెళ్లా. సార్ అన్నీ టేబుల్ మీద పోసి ఒక్కొక్కటి చూశారు. పెట్రోల్ బంకు స్లిప్పులు సగానికి సగం తెల్లగా అయిపోయాయి, ఒక్క అంకె కనిపించదు. ‘‘ఇవి ఆగవు మేడమ్, కార్డుతో కొట్టించండి, స్టేట్‌మెంట్‌లో ఉంటది’’ అన్నారు. తర్వాత ఒక పొడుగు నోట్‌బుక్ తీసి ఎర్ర పెన్నుతో గడులు గీసిచ్చారు: తేదీ, ఆసుపత్రి, కేసు, ఎంత, ఎట్లా ఇచ్చారు, టీడీఎస్ ఎంత. అది ఇప్పుడు నా కారులోనే ఉంటుంది, రాత్రి ఎంత ఆలస్యమైనా ఆ వరుస రాశాకే బండి తీస్తా. కవర్లలో వచ్చిన డబ్బు కూడా కలపాల్సిందే, వదిలేయమంటే నేను రిటర్న్ వేయను అని మొదటిరోజే చెప్పేశారు. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది అక్కడే.

డాక్టర్ల లాంటి వృత్తుల వాళ్ల కోసం 1961 ఆదాయపు పన్ను చట్టంలో ఉన్న 44ఏడీఏ సెక్షన్ గురించి అందరూ ‘‘సగం చూపిస్తే చాలు’’ అంటారు. ఏడాది ఫీజులు 50 లక్షల లోపు ఉంటే అందులో సగం ఆదాయంగా చూపొచ్చు, నిజమే. కానీ ఈయన ముందు నా ఖర్చులన్నీ కూడారు: పెట్రోలు, కారు తరుగుదల 15 శాతం, ఇండెమ్నిటీ (పేషెంట్లు కేసు వేస్తే ఆదుకునే ఇన్సూరెన్స్) ప్రీమియం, గొంతులో గొట్టం వేయడానికి వాడే లారింగోస్కోప్ బ్లేడ్లు, ఫోను, కాన్ఫరెన్స్ ఫీజులు. 2024-25లో మొత్తం రాబడి 28 లక్షలైతే ఖర్చు ఆరున్నర లక్షలే తేలింది, కాబట్టి నాకు 44ఏడీఏనే లాభం. అద్దె, స్టాఫ్ జీతాలు పెట్టుకొని క్లినిక్ నడిపేవాళ్లకు ఖర్చు సగం దాటితే సంగతి వేరు, అప్పుడు లెక్కల పుస్తకాలు, ఆడిట్ తప్పవు. ఆ తేడా కాగితం మీద వేసి చూపించే ఓపిక అందరికీ ఉండదు.

28లో సగం, అంటే 14 లక్షల మీద, ఆ ఏడాది కొత్త పన్ను పద్ధతిలో పన్ను, సెస్‌తో కలిపి 1,24,800. ఆసుపత్రులు పట్టుకున్న టీడీఎస్ 1,80,000. అంటే 55,200 నాకే వెనక్కి రావాలి. కానీ 26ఏఎస్‌లో (నా పాన్ మీద జమైన పన్ను చూపించే స్టేట్‌మెంట్) చూస్తే 14,000 తక్కువ ఉంది! ఒక ఆసుపత్రి వాళ్లు నా పాన్‌లో ఒక అక్షరం తప్పు కొట్టారు, ఆ డబ్బు నా పేరు మీద పడనేలేదు. నేను రెండుసార్లు అడిగితే చూస్తాం అన్నారు. సార్ వాళ్ల అకౌంట్స్ సెక్షన్‌కు తనే ఫోన్ చేసి, ఏ క్వార్టర్, ఏ వరుసలో తప్పుందో చెప్పి, కరెక్షన్ వేయించేదాకా వదల్లేదు. రిఫండ్ మొత్తం వచ్చింది. ఆయన ఫీజు 5,000.

ఇబ్బందులూ ఉన్నాయి. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, కింద బండి పెట్టడానికి జాగా దొరకదు. జూలైలో వెళ్తే గంటన్నర కూర్చోబెట్టారు, వాట్సాప్‌కు జవాబు మర్నాటికి గానీ రాదు. మే నెలలో వెళ్లినా లాభం లేదు, ఆసుపత్రులు జనవరి-మార్చి టీడీఎస్ లెక్క వేయడానికే మే 31 దాకా గడువు ఉంటుంది. జూన్ రెండో సగంలో వెళ్లండి, 26ఏఎస్ నిండి ఉంటుంది, ఆఫీసు ఖాళీగా ఉంటుంది. నోట్‌బుక్ మాత్రం ఏప్రిల్ ఒకటి నుంచే రాసి ఉండాలి.