బోటు బోర్డుల కోసం కొన్న 3018 సీఎన్‌సీ: 14 నెలల తర్వాత

విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర నాకు చిన్న రిపేరు కొట్టు ఉంది. బోట్ల లైట్లు, ఛార్జర్లు, వైర్‌లెస్ సెట్ల సప్లై బోర్డులు చూస్తుంటాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ 61 రోజుల్లో బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, పనంతా ఒక్కసారే మీద పడుతుంది. ఎక్కువగా అడిగేది బ్యాటరీ కటాఫ్ బోర్డు. 12 వోల్టుల బ్యాటరీ బాగా దిగిపోకముందే లైట్లు ఆపేస్తుంది. వోల్టేజీ పోల్చి చూసే ఒక ఎల్‌ఎం393 ఐసీ, స్విచ్చులా పనిచేసే ఒక రిలే, నాలుగైదు రెసిస్టర్లు, అంతే. కానీ ఒక్కో బోటులో బాక్సు ఒక్కో సైజు, అందుకని బోర్డు ప్రతిసారీ కొత్తగా గీయాల్సిందే.

పదేళ్లు టోనర్ ప్రింటును ఇస్త్రీపెట్టెతో రాగి బోర్డు మీద అంటించి, అక్కర్లేని రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచి చేశాను. గచ్చు నిండా తుప్పురంగు మరకలు. వాడేసిన నీళ్లలో రాగి ఉంటుంది, కాలవలో పోస్తే చేరేది సముద్రానికే. చేపల మీద బతికేవాళ్ల మధ్య కూర్చుని ఆ పని చెయ్యడానికి మనసొప్పలేదు. సీసాల్లో పోసి ఇంట్లో దాచేవాణ్ణి. ఆరో సీసా చూసి మా ఆవిడ, "ఇంకొక్కటి ఇంట్లోకొస్తే ఊరుకోనండీ, పిల్లలు తిరిగే చోటు" అంది. ఆ మాట సబబే.

అలా 3018 సీఎన్‌సీ కిట్టు కొన్నాను, రూ. 18,500 పడింది. కంప్యూటర్ చెప్పినట్టు కదులుతూ, బోర్డు మీద అక్కర్లేని రాగిని తిరిగే బిట్టుతో కోసేసే మిషన్ ఇది. 300 మిల్లీమీటర్లు ఒకవైపు, 180 ఇంకోవైపు కదులుతుంది కాబట్టి ఆ పేరు. లోపల మిషన్‌ని నడిపేది జీఆర్‌బీఎల్, ఉచితంగా దొరికే ప్రోగ్రామ్. కైక్యాడ్‌లో బోర్డు గీసి, ఫ్లాట్‌క్యామ్‌లో కోత దారులు తయారుచేసి, క్యాండిల్‌తో మిషన్‌కి పంపుతాను. మూడూ ఉచితమే. బిగించడానికి ఒక ఆదివారం పట్టింది. కిట్టుతో ఇచ్చిన పది వీ-బిట్లలో, అంటే వీ ఆకారపు మొన ఉన్న కోత బిట్లలో, నాలుగింటికి మొన విరిగే ఉంది, భూతద్దంలో చూస్తేగాని తెలియలేదు. అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే జవాబు లేదు. బిట్లు మాత్రం విడిగా మంచివి కొనండి.

మొదటి మూడు బోర్డులు పాడయ్యాయి. తప్పు మిషన్‌ది కాదు, నాకు లెక్క తెలియక. బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లే. నా దగ్గరున్న ముక్కలో ఈ చివరికీ ఆ చివరికీ 0.3 మిల్లీమీటర్ల ఎత్తుపల్లం ఉంది. దాంతో ఒక పక్క బిట్టు గాల్లో తిరుగుతుంది, ఇంకో పక్క గాడి తవ్వేస్తుంది. వీ-బిట్టు లోతుకి దిగేకొద్దీ గీత వెడల్పవుతుంది కూడా. 0.1 మిల్లీమీటర్ల మొన ఉన్న 30 డిగ్రీల బిట్టు, 0.1 లోతులో 0.15 వెడల్పు కోస్తుంది. అదే 0.3 దిగితే 0.26 అవుతుంది. ఐసీ కాళ్ల మధ్య నుంచి పోయే సన్నటి ట్రాక్, అంటే కరెంటు పోయే రాగి దారి, అక్కడే తెగిపోతుంది.

దీనికి మందు హైట్ మ్యాప్. ఒక క్లిప్పు బిట్టుకి, ఒకటి రాగికి తగిలిస్తే, మిషన్ బోర్డంతా పది మిల్లీమీటర్లకో చోట ముట్టుకుని ఎత్తు కొలుచుకుంటుంది, కోసేటప్పుడు దాని ప్రకారం పైకీ కిందకీ సర్దుకుంటుంది. చిన్న బోర్డుకి ఐదారు నిమిషాలు పడుతుంది. ఇది చేశాక నాలుగో బోర్డు ఎంత శుభ్రంగా వచ్చిందో, మీటరు పెట్టి ప్రతి ట్రాకూ చూసుకుని కొట్టు మూసేసి ఇంటికి తీసుకెళ్లి చూపించాను.

ఇక బోర్డు రకం. కాగితం, ఫినాలిక్‌తో చేసే ఎఫ్‌ఆర్1 వెన్నలా తెగుతుంది, బిట్టు చాలాకాలం వస్తుంది. కానీ అది తేమ పీలుస్తుంది, ఉప్పుగాలిలో తిరిగే బోటులో దాన్ని పెట్టలేను. ఎఫ్‌ఆర్4 తప్పదు. అందులో ఉండేది గాజు పీచు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. హైట్ మ్యాప్ అయిపోయాక బోర్డు మీద పల్చగా కుట్టుమిషన్ నూనె రాస్తాను. పొడి గాల్లోకి లేవకుండా బురదలా అక్కడే ఉండిపోతుంది. మాస్కు ఎలాగూ ఉంటుంది. తర్వాత సబ్బుతో కడిగి, ఆరబెట్టి, సోల్డరింగ్ చేసి, రెండు పూతలు వార్నిష్ కొడతాను. ఎఫ్‌ఆర్4 మీద ఒక బిట్టు నాకు ఎనిమిది, తొమ్మిది బోర్డులు ఇస్తోంది. ఆ తర్వాత రాగి అంచులు చింపిరిగా లేస్తాయి.

పోయిన జూన్ 12న ఒక బోటు ఓనరు పాత బాక్సు పట్టుకొచ్చి, "తమ్ముడూ, ఎల్లుండి రాత్రికి సముద్రంలోకెళ్లాల, ఏటి చేస్తావో నీ ఇష్టం" అన్నాడు. సాయంత్రం గీశాను, రాత్రికి కోత అయింది, మర్నాడు వార్నిష్ ఆరాక బిగించాను. బయట చేయిస్తే ఇంకా అందంగా వస్తుంది, రంధ్రాల లోపల రాగి పూత కూడా ఉంటుంది, కానీ రోజులు పడతాయి. ఒకేలాంటివి ఇరవై కావాలంటే నేనూ బయటే చేయిస్తాను. ఒకటీ రెండూ, అదీ రేపటికి కావాలంటే మాత్రం ఈ మిషనే.

కరెంటు పోతే పని మధ్యలో ఆగిపోతుంది. అందుకే ముందుగా ఒక మూల చిన్న గుర్తు రంధ్రం వేసుకుంటాను, మళ్లీ బిట్టును అక్కడికే తెచ్చి మొదలుపెట్టొచ్చు. వానాకాలంలో స్క్రూ రాడ్లకు వారం తిరక్కుండా తుప్పు పొర కనిపించింది, ఇప్పుడు ప్రతి శనివారం నూనెగుడ్డతో తుడుస్తున్నాను. పైకీ కిందకీ కదిలే నట్టులో మాత్రం ఈ మధ్య కాస్త లూజు వచ్చింది. గీత లోతు ఒక్కోచోట ఒక్కోలా పడుతోంది. కొత్త నట్టు తెప్పించాను, నిషేధం మొదలయ్యేలోపు మార్చాలి.