షష్టిపూర్తికి ఈత బుర్ర: బెజవాడలో కొన్ని రోజులు

మా చిన్న మావయ్య షష్టిపూర్తికని పోయిన మాఘంలో బెజవాడ వెళ్లాను. పట్టుపంచెలు, వెండి గ్లాసులు చుట్టాలు ఎలాగూ పెడతారు కాబట్టి ఆయనకి రోజూ పనికొచ్చే వస్తువేదైనా పెడదామని ముహూర్తానికి మూడు రోజుల ముందే దిగాను. మావయ్యకి కృష్ణలో ఈత తప్ప ఇంకో వ్యసనం లేదు. రైల్వేలో చేసినన్నాళ్లూ నైట్ డ్యూటీ దిగి నేరుగా ఘాట్‌కి పోయిన మనిషి, ఇప్పుడు రిటైరయ్యాక అడ్డేముంది.

హైదరాబాద్‌లో సాయంత్రం శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రి పడుకునే వేళకి బెజవాడలో ఉంటాం, ఈ దారికి నాకు అదే నచ్చుతుంది. ఇంట్లో అప్పటికే చుట్టాలు దిగిపోయారు, పైగా కొనేది ఆయనకి తెలియకూడదు, అందుకని గాంధీనగర్లో స్టేషన్‌కి దగ్గరగా ఒక లాడ్జి బుక్ చేసుకున్నా. పేరెందుకులెండి. పద్దెనిమిది వందలు తీసుకుని గోడకి ఎదురుగా కిటికీ ఉన్న గది ఇచ్చారు. గీజర్ ఆరు తర్వాతే వేస్తారట, నేనేమో ఐదింటికి ఘాట్‌కి బయల్దేరాలి. కింద షట్టరుకి తాళం వేసి వాచ్‌మన్ దానికి అడ్డంగా మంచం వేసుకుని పడుకున్నాడు, పాపం లేపాలంటే నాకే మొహమాటమైంది. ఆ ఏరియాలో కలిసొచ్చింది తిండి ఒక్కటే. బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిన్నాక లాడ్జి మీద కోపం సగం తగ్గింది.

ఏం కొనాలో దుకాణంలో తేలదు, ముందు ఆయన ఈదేది చూడాలనుకున్నా. కనబడకుండా చూద్దామని భవానీపురం పున్నమి ఘాట్‌కి ఆటోలో వెళ్లి పైమెట్ల మీద కూర్చున్నా, చున్నీ తల మీద కప్పుకుని. 2016 పుష్కరాలప్పుడు ఈ మెట్ల మీద కాలు పెట్టే సందు లేదు, ఇప్పుడు ఆ చీకట్లో పది పన్నెండు మంది ఉన్నారు, అంతే. దిగువన ప్రకాశం బ్యారేజీ నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి మామూలు రోజుల్లో ఇక్కడ కృష్ణ చెరువులా నిలబడి ఉంటుంది. ఎగువ నుంచి నీళ్లొచ్చి గేట్లు ఎత్తితే మాత్రం ఈ బ్యాచ్‌లో ఒక్కరూ దిగరు. 2024 సెప్టెంబర్లో పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన వరదని చూసినవాళ్లకి ఆ మాట ఎవరూ చెప్పక్కర్లేదు.

అరగంటలో నాకు నాలుగు సంగతులు అర్థమయ్యాయి. ఆఖరి మెట్లకి పాచి, మావయ్య రెయిలింగ్ పట్టుకుని పక్కకి తిరిగి పీతలా దిగుతున్నాడు. ఈత కళ్లద్దాల రబ్బరు తెగితే దారంతో ముడేశాడు. వెళ్లేటప్పుడు భవానీ ద్వీపం వైపు, అంటే పడమటికి, చీకట్లో వెళ్తాడు, వచ్చేసరికి పొద్దు సరిగ్గా మొహం మీద ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యమైంది, నెరిసిన తల ఒకటి బూడిద రంగు నీళ్లలో యాభై గజాలు పోయాక ఎవరికీ కనబడదు. కింది మెట్టు మీద ఫ్లాస్కు పక్కన పెట్టుకుని అత్తయ్య కూర్చుని ఉంది. ఆవిడ రోజూ వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నీళ్లనే చూస్తోంది, మధ్యమధ్యలో పక్కన దిగబోతున్న పిల్లాణ్ణి “మీ మాస్టారు కనబడుతున్నారా నీకు?” అని అడుగుతోంది. నేను కొనాల్సింది ఇద్దరికీ అని అక్కడే తేలిపోయింది.

ఆ మధ్యాహ్నమే లాడ్జి ఖాళీ చేసి భవానీపురంలో ఒక ఇంటి మేడ మీద అద్దెకిచ్చే గదికి మారాను. దోమలున్నాయి, ఫ్యాను కిర్రుమంటుంది, కానీ ఘాట్‌కి పది నిమిషాల నడక, ఇంటావిడ నాలుగున్నరకే లేచి గేటు తీసేస్తుంది. నది కోసం వచ్చేవాళ్లయితే నేరుగా ఇటే దిగండి, తిండికీ షాపింగ్‌కీ అయితే గాంధీనగర్ సుఖం.

గాంధీనగర్లోనే ఉన్న సర్ విజ్జీ మున్సిపల్ స్విమ్మింగ్ పూల్‌కి కూడా ఒకసారి పోయాను, ఈదడానికి కాదు, సలహాకి. పిల్లలకి నేర్పే ఒకాయన కళ్లద్దాల గురించి ఓపిగ్గా చెప్పాడు. పట్టీ తగిలించకుండా ఉత్త అద్దాల్ని కళ్ల గుంటల మీద నొక్కి వదిలితే రెండు మూడు సెకన్లు అంటుకుని నిలబడాలట, జారితే ఆ మొహానికి అవి పనికిరావు. లోపలి పూతని వేలితో తుడిస్తే పొగ పట్టకుండా కాపాడే గుణం పోతుంది, నీళ్లతో కడిగి వదిలేయాలంతే. అద్దం లాగా మెరిసే గాగుల్స్ ఫోటోలో బాగుంటాయి గానీ తెల్లారకముందు దిగేవాడికి గుడ్డితనమే. లేత నీలం రంగువి తీసుకోమన్నాడు. మొహం కొలత తెలియకుండా ఎలా అంటే, బిల్లు దాచుకో అమ్మా, మార్చుకోవచ్చు అన్నాడు.

బీసెంట్ రోడ్డు బట్టలకీ చెప్పులకీ బంగారం లాంటి వీధి, ఈత సామానుకి మాత్రం దండగ. ఈదే మనిషి దూరం నుంచి కనబడేలా వెంట తేలే ఈత బుర్ర, అంటే గాలి నింపే సంచి, కావాలంటే బాతు తలకాయ ఉన్న పిల్లల ట్యూబు చూపించారు. హైవే పక్కన ఉన్న పెద్ద స్పోర్ట్స్ షాపులో గాగుల్స్, నిమ్మపండు రంగు సిలికాన్ టోపీ, పాచి మీద జారని రబ్బరు బూట్లు దొరికాయి. టోపీ అయితే లేటెక్స్‌ది వద్దు, అది జుట్టు పీకుతుంది, రెండు నెలల్లో జిడ్డు పడుతుంది. నాకు కావాల్సిన అసలు వస్తువు, నడుముకి బెల్టుతో కట్టుకుంటే వెనకాల తాడుతో తేలుతూ వచ్చే నారింజ రంగు బుర్ర, స్టాక్ లేదన్నారు. ఆన్‌లైన్లో పెట్టాను. రెండు గాలి గదులున్నది చూసి తీసుకున్నా, ఒకటి పంక్చరైనా రెండోది తేలుతుంది. ఇది లైఫ్ జాకెట్ కాదు, ఈత రానివాణ్ణి బతికించదు, దూరం నుంచి మనిషి కనబడటానికీ, ఆయాసం వస్తే కాసేపు చేతులు వేసి ఆగడానికీ, అంతే. కొన్నిటిలో ఫోను, తాళాలు తడవకుండా పెట్టుకునే అర కూడా ఉంటుంది.

అడ్రసు పాత లాడ్జిది ఇచ్చేశానని నాకు మర్నాటికి గానీ గుర్తురాలేదు. పరుగెత్తుకుంటూ వెళ్తే కౌంటర్లో అబ్బాయి “రాలేదు మేడమ్” అన్నాడు. డెలివరీ అయిందని ఫోన్లో చూపిస్తే, వంగి టేబుల్ కింద దుమ్ములోంచి తీశాడు. తన కాళ్లు దాని మీదే పెట్టుకుని కూర్చున్నాడు, మహానుభావుడు.

ఇక నా తెలివితక్కువ పని గురించి. ఒడ్డున బట్టలు మార్చుకోవడానికి విదేశాల్లో తలమీంచి వేసుకునే పొడుగు గౌను ఒకటి వాడతారు, దాన్ని మన బట్టతో కుట్టిద్దామని బస్సెక్కి మంగళగిరి పోయి నిజాం అంచు ఉన్న ముతక కాటన్ మూడు మీటర్లు తెచ్చాను. నేసేవాళ్ల దగ్గరే కొన్నా కాబట్టి ధర గురించి గొణగను. గంజి పోయేదాకా కొత్త కాటన్ తడి పీల్చదని వాళ్లే చెప్పారు, రెండు ఉతుకులు వేసుకోమన్నారు. వన్ టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్ దగ్గర టైలరు బట్ట చూసి “నైటీనా అమ్మా?” అన్నాడు. మగాయనకి అంటే మిషను ఆపేసి నా మొహంకేసి చూశాడు. పని మాత్రం చెప్పిన టైముకి, చక్కగా చేశాడు.

షష్టిపూర్తి మర్నాడు ఇంట్లో ఇచ్చాను అన్నీ. గౌను వేసుకుని హాల్లోకి వచ్చేసరికి అత్తయ్య “కాన్వెంటు ఫాదర్‌లా ఉన్నారు” అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నలభై ఏళ్లుగా లుంగీ పళ్లతో పట్టుకుని బట్టలు మార్చుకునే మనిషికి గౌను కుట్టించడం నాదే తప్పు. గాగుల్స్ మొదటి జత జారాయి, షాపువాళ్లు చిన్న సైజు మార్చి ఇచ్చారు, ఏ ప్రశ్నలూ లేకుండా. బూట్లు నచ్చాయి గానీ పైకి ఒప్పుకోలేదు. బుర్ర చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, “ఓసినీ, ఇది సొరబుర్రే కదే! రైవస్ కాలవలో మా నాన్న వీపుకి కట్టి తోసింది ఇదే” అన్నాడు. ఆయనకి పక్కవాళ్ల ముందు ఈత రానివాడిలా కనబడతానేమోనని అనుమానం. దూరం ఈదేవాళ్లంతా ఇది కట్టుకునే పోతారని రెండు వీడియోలు చూపిస్తే గానీ ఒప్పుకోలేదు.

తర్వాతి పొద్దున నేనూ దాక్కోకుండా వెళ్లాను. ఆయన ద్వీపం దిక్కుగా పోతుంటే నారింజ చుక్క చాలాసేపు కనబడింది. అత్తయ్య చూసింది, ఫ్లాస్కు మూత తీసి నాకో కప్పు పోసింది, తనో కప్పు పోసుకుంది. నేను ఉన్నన్ని రోజుల్లో ఆవిడ ఆ మెట్ల మీద కాఫీ తాగడం అదే మొదటిసారి.

గౌను ఇప్పుడు కుట్టుమిషను మీద దుమ్ము పడకుండా కప్పారట.