మాడిసన్ ప్రాజెక్ట్ డేటాబేస్ 2023: ఉచితమే, కానీ చూసి వాడాలి

ఒక దేశ ఆర్థిక చరిత్ర చదవాలంటే మొదట దించుకోవాల్సిన ఫైలు ఇదే. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం సైట్‌లో ఎక్సెల్, స్టాటా (గణాంకాల సాఫ్ట్‌వేర్) రూపాల్లో ఉచితంగా దొరుకుతుంది. 169 దేశాల తలసరి జీడీపీ, జనాభా 2022 వరకు ఉన్నాయి.

మొత్తం జీడీపీ కావాలంటే తలసరిని జనాభాతో గుణించాలి. జనాభా వేలల్లో ఉంటుంది. అది మరిచిపోతే లెక్క వెయ్యి రెట్లు తప్పుతుంది.

ఎక్కువమంది బోల్తాపడేది ధరల దగ్గర. ఇందులోవి 2011 ధరల్లో లెక్కించిన డాలర్లు. ఈ డేటాబేస్‌కు పేరిచ్చిన ఆర్థికవేత్త ఆంగస్ మాడిసన్ పాత పట్టికలు 1990 డాలర్లలో ఉన్నాయి. రెండింటినీ ఒకే గ్రాఫ్‌లో అతికిస్తే, అతుకు పడిన ఏడాది లేని వృద్ధి కనిపిస్తుంది.

1820కి ముందు చాలా దేశాలకు అక్కడక్కడా ఒక్కో అంచనా మాత్రమే. మధ్య ఖాళీలను సరళరేఖతో నింపితే కరువులు, యుద్ధాలు మాయమవుతాయి. వృద్ధిరేటు కూడా చక్రవడ్డీ పద్ధతిలోనే తీయాలి: 50 ఏళ్లలో ఆదాయం రెట్టింపైతే ఏటా సుమారు 1.4 శాతం, 2 కాదు.

అసమానత, కూలి, పన్నుల కోసం ఇక్కడ వెతకొద్దు. మూలాల వివరాలున్న షీటు తెరవకుండా మాత్రం ఒక్క అంకె కూడా వాడకండి.