ఆల్టర్నేటర్ కరెంటుతో అడవి రాత్రులు: రామప్ప నుంచి కాళేశ్వరం దాకా

నాన్న సీపాప్ యంత్రం పెట్టుకొని నిద్రపోతారు. నిద్రలో శ్వాస ఆగిపోయే ఇబ్బంది ఉన్నవారికి మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే పరికరం అది. కరెంటు పోతే యంత్రం ఆగుతుంది, దాంతో ఆయన నిద్ర చెడుతుంది. అందుకే ములుగు అడవుల్లో రాత్రి బస అనగానే ఇంట్లో అందరం వెనకాడేవాళ్లం. ఉదయం బయలుదేరి రామప్ప చూసి, చీకటి పడేలోపు హన్మకొండకు తిరిగి రావడమే మా అలవాటు. ఈసారి వానలు తగ్గుముఖం పట్టాక లక్నవరం, తాడ్వాయి, బొగత, కాళేశ్వరం అన్నీ బస చేస్తూ చూశాం. ఒక యూనిట్ (వెయ్యి వాట్ అవర్లు) కరెంటు నిల్వ చేసే పోర్టబుల్ పవర్ స్టేషన్‌ను, అంటే ప్లగ్గులున్న పెద్ద బ్యాటరీ పెట్టెను, వెంట తీసుకెళ్లి, కారు నడుస్తున్నంతసేపూ ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి నింపుకున్నాం. పెద్దవాళ్లతో వెళ్లేవారికి బస ఎక్కడ, కరెంటు ఎలా అన్నవి వేర్వేరు ప్రశ్నలు కావు. అందుకే రెండింటినీ కలిపి రాస్తున్నాను.

ముందు ఎంత కరెంటు కావాలో తేల్చుకోవాలి. నాన్న యంత్రంలో గాలికి తేమ చేర్చే నీళ్ల తొట్టి ఉంది. దాని హీటర్ ఆపేస్తే రాత్రంతా కలిపి పావు యూనిట్ లోపే సరిపోతుంది. హీటర్ వేస్తే ఖర్చు రెండింతలు దాటుతుంది. వానాకాలంలో గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి హీటర్ లేకపోయినా ఆయనకు ఇబ్బంది కలగలేదు. ఇంకొక ఆదా కూడా ఉంది. పవర్ స్టేషన్‌లో మామూలు ప్లగ్గు పెట్టే చోటు వాడితే లోపలి ఇన్వర్టర్ రాత్రంతా మేల్కొని ఉంటుంది. యంత్రం తీసుకునేది కాక తన కోసమే 10 నుంచి 20 వాట్ల దాకా తింటుంది. ఎనిమిది గంటలకు ఆ వృథా ఒక్కటే 80 నుంచి 160 వాట్ అవర్లు అవుతుంది. సీపాప్ తయారీదారులే అమ్మే, బ్యాటరీ కరెంటును నేరుగా అందించే డీసీ తీగ కొని 12 వోల్టుల సాకెట్‌కు నేరుగా కలిపితే ఆ వృథా చాలావరకు పోతుంది. ఇలాంటి యంత్రం వాడే ప్రతి ఇంటివారూ ఆ తీగ కొనుక్కోవాలని గట్టిగా చెబుతాను.

ఇక నింపే సంగతి. పవర్ స్టేషన్‌తో పాటు వచ్చే కారు తీగను సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెడితే చాలని అమ్మేవాళ్లు చెబుతారు. చాలా కార్లలో ఆ సాకెట్ ఫ్యూజు 10 లేదా 15 ఆంపియర్లదే. పవర్ స్టేషన్ కూడా అక్కడి నుంచి 8 ఆంపియర్లకు అటూ ఇటుగా మాత్రమే లాగుతుంది, అంటే నూరు వాట్లు. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లేవారికి అది పనికొస్తుంది. మన వైపు దూరాలు అలాంటివి కావు. హన్మకొండ నుంచి రామప్పకు గంటన్నర, అక్కడి నుంచి లక్నవరానికి గంటలోపే. ఆ మొత్తం ప్రయాణంలో సాకెట్ నుంచి వచ్చేది పావు యూనిట్‌కు అందదు. ఖాళీ అయిన పవర్ స్టేషన్ పూర్తిగా నిండాలంటే పది గంటలకు పైగా నడపాలి. ఉత్తర తెలంగాణలో ఒక రోజు యాత్రకు ఎవరూ అన్ని గంటలు కారులో కూర్చోరు.

లావు తీగ వేస్తే ఎక్కువ కరెంటు వస్తుందని కొందరు అనుకుంటారు. తీగ ఎంత లావైనా, లోపలికి వచ్చేది 12 వోల్టులని గుర్తించగానే పవర్ స్టేషన్ తన హద్దులోనే తీసుకుంటుంది. ఆ వోల్టేజీని పెంచి, సోలార్ పలకల నుంచి వచ్చినట్టుగా 50 వోల్టుల దరిదాపుల్లో అందించే డీసీ-డీసీ చార్జర్ మధ్యలో ఉండాలి. అదే ఆంపియర్లతో నాలుగైదు రెట్ల వాట్లు చేరతాయి. ఇప్పుడు పవర్ స్టేషన్లు చేసే సంస్థలే ఆల్టర్నేటర్ చార్జర్ పేరుతో వీటిని అమ్ముతున్నాయి. మాది 500 వాట్లది.

బిగించింది ములుగు రోడ్డులోని ఒక సెల్ఫ్-డైనమో మెకానిక్. మన దగ్గర ఇప్పటికీ ఆల్టర్నేటర్‌ను డైనమో అనే అంటారు. ఆయన బానెట్ ఎత్తి చూడగానే అడిగిన మొదటి ప్రశ్న నాకు నచ్చింది. "సార్, బండి నిలబడి ఉన్నప్పుడు కూడా ఇది లాగుతుందా?" అసలు కీలకం అక్కడే ఉంది. మా బండి ఆల్టర్నేటర్ మీద 120 ఆంపియర్లని ఉన్నా, ఇంజన్ వేగంగా తిరిగినప్పుడే ఆ మాట నిజం. ఐడిలింగ్‌లో, అంటే బండి నిలబడి ఇంజన్ మెల్లగా తిరిగేటప్పుడు, సగం కూడా రాకపోవచ్చు, బాగా వేడెక్కితే ఇంకా తగ్గుతుంది. ఏసీ ఫ్యాను, లైట్లు, వైపర్లు, ఇంజన్ సొంత అవసరాలు కలిపి 40, 50 ఆంపియర్లు బండే తీసుకుంటుంది. 500 వాట్ల చార్జర్ మరో 40 ఆంపియర్లు అడుగుతుంది. ఊళ్లో ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు ఆ లోటు బ్యాటరీ నుంచే పూడుతుంది. అందుకని చార్జర్ యాప్‌లో ఊరు దాటేదాకా 200 వాట్లు, జాతీయ రహదారి ఎక్కాక 500, రాత్రి వానలో లైట్లూ వైపర్లూ నడుస్తుంటే 300 అని పెట్టుకున్నాం.

బీఎస్-6 బండ్లకు ఇంకో మెలిక ఉంది. చాలావాటిలో కంప్యూటరే ఆల్టర్నేటర్‌ను నడిపిస్తుంది. ఇంధనం ఆదా చేయడానికి సాఫీ రోడ్డు మీద వోల్టేజీని 12.5 దాకా దించి, బ్రేకు వేసినప్పుడో వాలు దిగేటప్పుడో 14.5 పైకి లేపుతుంది. వోల్టేజీ చూసి ఇంజన్ నడుస్తోందో లేదో ఊహించే చార్జర్లు ఇలాంటి బండ్లలో మాటిమాటికీ ఆగిపోతాయి. తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే తీగకు చార్జర్ సంకేత తీగను కలపడమే దీనికి సరైన మందు. మా మెకానిక్ అలాగే చేశారు. నెగటివ్ తీగను బ్యాటరీ కొనకు కాకుండా బాడీ ఎర్త్‌కు, అంటే బండి ఇనుప బాడీకి, బిగించారు. బ్యాటరీ కొన మీద కరెంటు కొలిచే సెన్సర్ ఉన్న బండ్లలో ఈ జాగ్రత్త తప్పనిసరి, లేకపోతే బండి లెక్కలు తప్పుతాయి. పాజిటివ్ వైపు బ్యాటరీకి జానెడు దూరంలోనే 60 ఆంపియర్ల ఫ్యూజు, 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఇంజన్ వైపు నుంచి లోపలికి వచ్చే రంధ్రంలో రబ్బరు రింగు. డబ్బు మిగిల్చుకోవలసిన చోట్లు కావు ఇవి. ఫ్యూజు లేని లావు తీగ ఇనుప అంచుకు రాసుకొని తెగితే బండే తగలబడుతుంది. వారంటీలో ఉన్న బండి అయితే తీగ ముట్టుకునే ముందే షోరూం వాళ్లను అడిగి తేల్చుకోవాలి.

హన్మకొండ నుంచి రామప్ప దాకా దారి చార్జింగ్‌కు చక్కగా కుదిరింది. ములుగు దాకా 163వ నంబరు జాతీయ రహదారి మీద ఇంజన్ హాయిగా ఒకే వేగంతో తిరిగింది. రామప్ప గుడి ఉన్న పాలంపేట చేరేసరికి అర యూనిట్ దాటి చేరింది, అంటే రెండు రాత్రుల సరుకు. రామప్ప గురించి తెలుగువారికి కొత్తగా చెప్పేది తక్కువ. గణపతిదేవుడి కాలంలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. నీటిలో తేలే ఇటుకలతో కట్టిన శిఖరం, పునాది కింద ఇసుక నింపిన పద్ధతి గురించి గైడ్లు చెబుతారు, వినాలి. నాన్నకు మాత్రం నల్లరాతి నాగిని శిల్పాల దగ్గర అడుగు కదలలేదు. పెద్దవాళ్లుంటే పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే చెప్పులు లేని కాళ్లకు ఆ రాళ్లు కాలతాయి.

లక్నవరంలో దీవి మీది కాటేజీల్లో ఉండాలంటే వేలాడే వంతెన మీదుగా నడిచి వెళ్లాలి, కారు ఇవతలే ఉంటుంది. పన్నెండు కిలోల పవర్ స్టేషన్‌ను ఊగే వంతెన మీద మోయడం సులువైన పని కాదు. చక్రాల సంచీ ఉంటే మేలు. కొనేటప్పుడు ఎన్ని వాట్లని చూసేవారు ఎన్ని కిలోలని కూడా చూడాలి. సాయంత్రం చెరువు, కొండల మధ్య ముప్పిరిగొన్న పచ్చదనం, తెల్లవారి పొగమంచు... కాకతీయులు ఈ చోటును ఎంచుకున్న తీరుకు దండం పెట్టాలనిపిస్తుంది. కరెంటు రాత్రి నిలకడగానే ఉంది, పవర్ స్టేషన్ అవసరం రాలేదు. శని, ఆదివారాల్లో జనం బాగా ఉంటారు, వారం మధ్యలో వెళితే ప్రశాంతంగా ఉంటుంది.

పస్రా దాటి తాడ్వాయి వైపు అడవి చిక్కబడుతుంది. 2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలికి ఇక్కడ వేల చెట్లు కూలిపోయాయి. ఆ ఖాళీలు దారి నుంచే కనిపిస్తాయి, చూస్తే గుండె కలుక్కుమంటుంది. చెట్ల మధ్య నుంచి సాగే కరెంటు తీగలకు ఒక్క కొమ్మ చాలు. ఆ వైపు మేం దిగిన బసలో అదే జరిగింది. గదిని ఫోనులో మాట్లాడినప్పుడు జనరేటర్ ఉందన్నారు. వానకు కరెంటు పోయాక తెలిసింది, అది వరండా దీపాలకు, అదీ రాత్రి పది దాకా మాత్రమేనని. గదిలో ఉన్న ఒకే ఒక్క ప్లగ్గు పాయింటు మంచానికి అవతలి గోడకు ఉంది. పవర్ స్టేషన్ మంచం పక్కన పెట్టి, డీసీ తీగతో నాన్న యంత్రం కలిపాం. తెల్లవారేసరికి నిల్వలో ఐదో వంతు మాత్రమే తగ్గింది. ఆయన హాయిగా పడుకున్నారు, మేమూ పడుకున్నాం. గది శుభ్రంగా ఉంది, అన్నం, పప్పుచారు వేడిగా పెట్టారు, పనివాళ్లు మర్యాదస్తులు. అయినా సరే, ఇలాంటి యంత్రంతో, పవర్ స్టేషన్ లేకుండా అక్కడ దిగవద్దనే చెబుతాను. బుక్ చేసేటప్పుడు "జనరేటర్ ఉందా" అని కాదు, "రాత్రంతా గదిలోని ప్లగ్గుకు కరెంటు ఇస్తుందా" అని అడగాలి.

మేడారం జాతర లేని రోజుల్లో నిశ్శబ్దంగా ఉంటుంది. సమ్మక్క సారలమ్మ గద్దెల దగ్గర ప్రశాంతంగా దండం పెట్టుకోవాలంటే ఇదే సమయం. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే జాతరకు ఈ ఏర్పాటుతో వెళదామనుకునేవారికి ఒక మాట. అప్పుడు బండ్లు గంటల తరబడి నత్తనడక నడుస్తాయి. ఆల్టర్నేటర్‌ను నమ్ముకోకుండా ఇంట్లోనే పూర్తిగా నింపుకొని బయలుదేరాలి.

ఏటూరునాగారం దాటి ముల్లకట్ట వంతెన మీద గోదావరిని చూస్తూ వాజేడు వైపు వెళ్లి బొగత చేరాం. వానల తర్వాత జలపాతం నిండుగా ఉంది. నీళ్లలోకి దిగనివ్వలేదు, ఆ ఉధృతి చూస్తే అది న్యాయమే. అక్కడ ఆగిన రెండు గంటల్లో కారు ఎండలో నిలిచిపోయింది. పవర్ స్టేషన్‌లో ఉండే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలను సాధారణంగా 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయకూడదు, పవర్ స్టేషనే తనంతట తాను నింపడం ఆపేస్తుంది. మూసిన కారులో, ముఖ్యంగా డిక్కీలో, ఆ వేడి చేరడానికి వేసవి కూడా అక్కర్లేదు. అందుకే దాన్ని వెనక సీటు కింద ఏసీ గాలి తగిలే చోట బెల్టుతో కట్టి ఉంచాం. ఇంజన్ వేశాక ఒక పావుగంట లోపల చల్లబడనిచ్చి ఆ తర్వాతే చార్జింగ్ మొదలుపెట్టాం.

భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం దారిలో బొగ్గు లారీలు, ఇసుక లారీలు వరుసకట్టాయి. అక్కడక్కడా గుంతలు. వేగం పడిపోయినప్పుడల్లా చార్జర్‌ను తగ్గించక తప్పలేదు, అయినా చేరేసరికి పవర్ స్టేషన్ దాదాపు పూర్తిగా నిండింది. ఒకే పానవట్టం మీద కాళేశ్వరుడు, ముక్తీశ్వరుడు రెండు లింగాలుగా ఉన్న గుడి, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే రేవు, నాన్న ఎన్నాళ్ల నుంచో చూడాలనుకున్నవి. ఊళ్లో బసలు సాదాసీదావి, ప్లగ్గులు మంచం దగ్గరే ఉన్నాయి, కరెంటు రెండుసార్లు కొద్దిసేపు పోయింది. పవర్ స్టేషన్‌ను గోడ ప్లగ్గుకూ యంత్రానికీ మధ్యలో పెట్టాం కాబట్టి నాన్నకు తెలియనే లేదు.

తిరుగు దారిలో చేల్పూరు దగ్గర 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. ఇంత కరెంటు పుట్టే నేలలోనే అడవి ఊళ్లు వాన వస్తే చీకట్లో ఉంటున్నాయి. కొమ్మలు కొట్టడం, తీగలకు తొడుగులు వేయడం అసాధ్యమైన పనులు కావు. ఘనపురంలో కోటగుళ్ల దగ్గర ఆగండి. గణపతిదేవుడి కాలం నాటి గుడుల సముదాయం అది, జనం తక్కువ, శిల్పాలు కన్నులపండువ.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటే, ఇంజన్‌లో, ఆల్టర్నేటర్‌లో, చార్జర్‌లో పోయినది పోగా చేతికి వచ్చేది ఒకటిన్నర యూనిట్. లీటరు 95 రూపాయల లెక్కన యూనిట్‌కు 60 దాటుతుంది. ఇంట్లో అది పది రూపాయలు మించదు. కాబట్టి బస ఇచ్చిన ప్రతిచోటా ముందు గోడ ప్లగ్గు నుంచే నింపాలి, ఆల్టర్నేటర్ లోటు పూడ్చడానికే. చార్జింగ్ కోసం ఇంజన్ వేసి బండిని నిలబెట్టడం డీజిల్ దండగ. మూసిన షెడ్డులో అయితే పొగ ప్రాణాలకే ముప్పు.

తర్వాత జన్నారం, కుంటాల వైపు వెళ్లాలని నాన్నే అడుగుతున్నారు. వరంగల్ నుంచి అటు దారి ఇంకా పొడవు, చార్జింగ్‌కు ఇంతకంటే అనుకూలం. కవ్వాల్ అడవి అంచున రాత్రంతా గదికి కరెంటు ఇచ్చే బస ఎవరికైనా తెలిస్తే చెప్పండి.