కాశీ యాత్రకు ట్రాలీ మేలా, బ్యాక్‌ప్యాక్ మేలా?

కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని బయలుదేరే మన కుటుంబాల సామాను సికింద్రాబాదు స్టేషనులో చూస్తే, వీళ్లు వెళ్లేది యాత్రకా, ఇల్లు మారడానికా అన్న అనుమానం కలుగుతుంది. పెద్ద ట్రాలీ సూట్‌కేసు, దానికి తోడు ఒక ఎయిర్‌బ్యాగు, దారి భోజనాల సంచి, నీళ్ల సీసాల బుట్ట, ఆఖరి నిమిషంలో ఎవరో చేతిలో పెట్టిన పచ్చడి డబ్బా ఉన్న కవరు కలిపి మనిషికి మూడు నాలుగు శాల్తీలు తేలుతాయి. మా అమ్మతో నేను మొదటిసారి కార్తీకంలో వెళ్లినప్పుడు మా ఇద్దరికీ సరిగ్గా ఏడు శాల్తీలు. నాలుగేళ్ల తరువాత మళ్లీ వెళ్లినప్పుడు మూడే. ఊరు అదే, మనుషులు వాళ్లే, నెల కూడా అదే, మారినది సామాను ఒక్కటే కాబట్టి ఆ రెండు ప్రయాణాలనూ పక్కపక్కన పెట్టి ఏది మేలో చెప్పగలననుకుంటున్నాను.

ముందు పెట్టె సంగతి చూద్దాం. నేల నున్నగా ఉన్నంతసేపు ట్రాలీకి తిరుగులేదు. పది పదిహేను కిలోల బరువును రెండు వేళ్లతో లాక్కుపోవచ్చు, భుజం నొప్పి ఉండదు, నిలువునా తెరిస్తే ఏది ఎక్కడ ఉందో ఒక్క చూపులో కనిపిస్తుంది. అయితే కాశీ దారిలో అలాంటి నేల చాలా తక్కువ. మేము ఎక్కిన బండి మమ్మల్ని పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షనులో దింపింది. 2018లో పేరు మారినా మన పెద్దవాళ్లకు అది ఇంకా మొగల్‌సరాయే. అక్కడ పాదచారుల వంతెన మెట్లు ఎక్కి దిగి, సుమారు 16 కిలోమీటర్లు ఆటోలో గంగ దాటి వస్తే, ఆటో మనల్ని సోనార్‌పురా రోడ్డు మీద వదిలేస్తుంది. తెలుగువాళ్లు ఎక్కువగా దిగే పాండే హవేలీ, మానస సరోవర్ ఘాట్ పరిసరాలకు ఆపైన సందుల్లో నడకే గతి. ఆ సందుల్లో పరిచినవి రాతి పలకలు. పలకకూ పలకకూ నడుమ వేలెడు ఖాళీ, అడుగడుగునా పేడ, ఎదురుగా కదలని ఆవు, వెనుక నుంచి ఆగని మోటారు సైకిలు హారను ఉంటాయి.

రెండో మలుపులో మా పెట్టె చక్రం ఒకటి పలకల నడుమ ఇరుక్కుంది. నేను గట్టిగా లాగితే పెట్టె నాతో వచ్చింది గాని చక్రం అక్కడే ఉండిపోయింది. ఆ క్షణం నుంచి సత్రం గుమ్మం దాకా అది ట్రాలీ కాదు, పిడి పట్టుకుని మోయవలసిన 14 కిలోల పెట్టె. మోస్తూ మోస్తూ నాకు తట్టిన మాట ఏమిటంటే, ఇందులో కొంత బరువు మా బట్టలది కానే కాదు. ఇంటికి వచ్చాక తూచి చూస్తే ఖాళీ పెట్టే 3.5 కిలోలు తూగింది. రెండోసారి తీసుకువెళ్లిన 40 లీటర్ల బ్యాక్‌ప్యాక్ 1.2 కిలోలు. అంటే బట్ట ఒక్కటీ సర్దకముందే రెండు కిలోలకు పైగా తేడా వచ్చేసింది.

రైళ్లలో స్లీపరులోను, థర్డ్ ఏసీలోను మనిషికి 40 కిలోల దాకా ఉచితంగా తీసుకుపోనిస్తారు కాబట్టి రైలు ప్రయాణానికి బరువుతో పేచీ లేదని చాలామంది అనుకుంటారు. ఆ 40 కిలోలు బెర్తు కింద కదలకుండా పడి ఉండే బరువు. మనం లెక్క పెట్టుకోవలసినది ఆ వంతెన మెట్ల మీద, కూలీ దొరకని అర్ధరాత్రి, ఒక చేత్తో పెద్దవాళ్ల చేయి పట్టుకుని ఎంత మోయగలమో అంత. నా మటుకు నాకు అది 9 కిలోలు. ఈ లెక్క ప్రకారం రెండు చేతులూ ఖాళీగా ఉంచే బ్యాక్‌ప్యాక్‌దే పైచేయి, ముఖ్యంగా నడుము పట్టీ ఉన్నదైతే బరువు భుజాల మీద నుంచి తుంటికి దిగుతుంది కాబట్టి ఆ తేడా పది నిమిషాల నడకలోనే తెలుస్తుంది.

బ్యాక్‌ప్యాక్‌కు దోషాలు లేవని కాదు. పైనుంచి మాత్రమే తెరుచుకునే రకం కొంటే అడుగున ఉన్న పంచె కోసం మొత్తం కుమ్మరించాలి. సూట్‌కేసులా మూడు వైపులా జిప్పు ఉండి పూర్తిగా తెరుచుకునేదే తీసుకోవాలి. వీపు చెమటతో తడిసిపోతుంది. గుంపులో వెనుక జిప్పు ఎవరు తెరిచినా తెలియదు కనుక డబ్బు, ఆధార్ కార్డు అందులో పెట్టకూడదు. అన్నిటికీ మించి, మోకాళ్ల నొప్పులున్న అరవై ఏళ్లు దాటిన మనిషి వీపున దాన్ని తగిలించడం న్యాయం కాదు. మేము చేసినది ఏమిటంటే, మోసేవాడినైన నాకు బ్యాక్‌ప్యాక్, అమ్మ భుజాన రెండు కిలోలు దాటని జిప్పు సంచి. మందులు, కళ్లజోడు, గుర్తింపు కార్డులు, ఒక పూట బట్టలు అందులో ఉంటే పెద్ద సంచి ఎటు పోయినా ఆ రాత్రి గడిచిపోతుంది. మూడో శాల్తీ దారి తిండి సంచి, అది మొగల్‌సరాయి చేరేసరికి ఖాళీ అయి మడతపడింది.

ఇక అసలు పేచీ బట్టలది. రోజుకొక జత చొప్పున తొమ్మిది జతలా, ఉతుక్కుంటూ మూడు నాలుగు జతలా? పెట్టె ఏదన్న ప్రశ్న కన్నా ఇదే పెద్దదని నా అభిప్రాయం. జతలు తొమ్మిదైతే ఎంత మంచి బ్యాక్‌ప్యాక్ కొన్నా నిండిపోతుంది. వంటింటి తూకం మీద పెట్టి చూశాను. అమ్మ నేత చీర, లోపలి లంగా, జాకెట్టు కలిపి ఒక జత దాదాపు 800 గ్రాములు. తొమ్మిది జతలకు ఏడు కిలోలు దాటుతుంది, నాలుగు జతలకు మూడు కిలోల చిల్లర. నా జీన్స్ ప్యాంటు ఒక్కటే 650 గ్రాములు, పంచె 300. మందపాటి టర్కీ టవలు 450 గ్రాములుంటే సన్నని నేత తువ్వాలు 120 గ్రాములే, పైగా గంటన్నరలో ఆరిపోతుంది.

ఉతకడం అనగానే యాత్రలో కూడా చాకిరీయేనా అని విసుక్కునేవాళ్లు ఒక సంగతి మరచిపోతున్నారు. కాశీలో రోజూ గంగాస్నానం ఉంటుంది. తొమ్మిది జతలు తీసుకువెళ్లినా రోజూ ఒక జత ఎలాగూ తడుస్తుంది, దాన్ని ఎలాగూ పిండి ఆరవేయాలి. తడిసి ఆరిన దాన్ని మళ్లీ కట్టుకోవడమా, మడిచి మూల పెట్టి కొత్తది తీయడమా అన్నదే మిగిలిన తేడా. ఈ మాట అమ్మకు చెబితే వెంటనే ఒప్పుకోలేదు.

“నిన్న కట్టిన చీరే ఎల్లుండి కడితే చూసినవాళ్లు ఏమనుకుంటారురా?”

“నిన్న మనల్ని చూసినవాళ్లు అక్కడ ఎవరుంటారమ్మా?”

“ఫొటోల్లో ఉంటుందిగా!”

విశ్వనాథుని గుడిలోకి ఫోను, సంచి తీసుకుపోనివ్వరు, బయట లాకర్లలో పెట్టి వెళ్లాలి అన్నాక నాలుగు చీరలకు రాజీ కుదిరింది. ఐదోది, పట్టుచీర, నాకు తెలియకుండా వచ్చింది. దానితో నాకు పోట్లాట లేదు.

ఈ పద్ధతి అన్ని కాలాలకూ పనికిరాదు. కార్తీకంలో ఉదయం ఆరవేసినవి మధ్యాహ్నానికి ఆరాయి. డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచు పట్టినప్పుడు సూర్యుడు కనిపించడమే గగనం, కాబట్టి అప్పుడు వెళ్లేవాళ్లు నూలుకు బదులు తొందరగా ఆరే మిశ్రమ నూలు బట్టలు ఎంచుకుని, ఒక జత అదనంగా పెట్టుకుని, పలుచని స్వెట్టర్లు రెండు ఒకదాని మీద ఒకటి వేసుకోవడం మంచిది. మందపాటి కోటు ఒక్కటి సగం సంచిని మింగేస్తుంది. వానాకాలంలో తడిబట్టలు ఆరవు సరికదా, గంగ పెరిగి దిగువ మెట్లు మునిగిపోతాయి. ఆరవేసుకోవడానికి ఒక నైలాను తాడు, తడివి వేరుగా పెట్టడానికి ఒక గట్టి ప్లాస్టిక్ కవరు ఏ కాలమైనా ఉండాలి.

తిండి విషయం తేల్చడం సులభం. పచ్చడికీ పొడికీ పోటీ పెడితే పొడే గెలుస్తుంది. నూనె కారదు, సీసా పగలదు, పావు కిలో కందిపొడి ఇద్దరికి తొమ్మిది రోజులు వస్తుంది. తెలుగు సత్రాల్లో మన భోజనం దొరుకుతుంది కాబట్టి రైస్ కుక్కరు మోసుకుపోవడం వట్టి భయమే.

విమానంలో వెళ్లేవాళ్ల లెక్క కొంత వేరు. దేశంలో మామూలు టికెట్టు మీద చేతి సంచికి 7 కిలోలు, లోపల వేసే సామానుకు 15 కిలోలు అన్నది సాధారణంగా ఉండే పరిమితి. ఖాళీ ట్రాలీయే అందులో ఎంత తింటుందో పైన చూశాం. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, ఎండుకొబ్బరి ఇంట్లోనే వదిలి వెళ్లాలి. విమానాశ్రయాల్లో ట్రాలీకి హాయి ఉన్న మాట నిజమే అయినా, దిగాక చేరవలసింది అవే సందులు. గుమ్మం దాకా కారు వచ్చే హోటలులో దిగేవాళ్లూ, వెన్నునొప్పి వల్ల ఏదీ తగిలించుకోలేనివాళ్లూ ట్రాలీయే ఎంచుకోవాలి. వాళ్లు కూడా గిర్రున తిరిగే నాలుగు చిన్న చక్రాలది కాకుండా, సగం లోపలికి పొదిగిన రెండు పెద్ద చక్రాలది చూసుకుంటే రాళ్ల మీద నిలుస్తుంది.

ఒక్క విషయంలో పెద్ద పెట్టె మొదటిసారి మాకు ఉపయోగపడిందని ఒప్పుకోవాలి, అది తిరుగు ప్రయాణంలో. కాశీలో ఇష్టమైన కాయో పండో వదిలి రావడం మన ఆచారమే గాని, తెచ్చుకునేవాటిని వదలడం ఎవరి వల్లా కాదు. మూత బిగించిన గంగ చెంబులు చుట్టాల లెక్కన, కాశీ దారాలు ఇరుగుపొరుగుల లెక్కన, బనారసు చీర కోడలి లెక్కన తేలాయి. అందుకే రెండోసారి బ్యాక్‌ప్యాక్‌ను నాలుగింట మూడు వంతులే నింపి బయలుదేరాను. చీరలు అందులో ఇమిడాయి. చెంబులు మాత్రం ఖాళీ అయిన తిండి సంచిలో, ఒక్కోదానికి ఒక తువ్వాలో పంచెయో చుట్టుకుని, నా చేతిలో వేలాడుతూ సికింద్రాబాదు వచ్చాయి.