పొయ్యి ఇచ్చే బస: ఒడిశాలోని కొరాపుట్, రాయగడ కొండల్లో పుట్టకొక్కుల వెంట ఆరు రోజులు

“మేం సంతలో ఛతు కొనుక్కొస్తే మీ వంటింట్లో వండిపెడతారా?”

గదుల కోసం ఫోన్ చేసిన ప్రతిచోటా ముందు ఇదే అడిగాను. ఒడియాలో ఛతు అంటే పుట్టగొడుగు, అదే మన పుట్టకొక్కు. ఎనిమిదిచోట్ల అడిగితే ముగ్గురు నవ్వి పెట్టేశారు. ఇద్దరు “మా దగ్గర మష్రూమ్ మసాలా ఉంది మేడమ్” అన్నారు, ప్లాస్టిక్ డబ్బాలో వచ్చే ఆ తెల్ల బొత్తాలదన్నమాట. ఒక సర్కారీ అతిథి గృహం వాళ్లు కుదరదని మర్యాదగా చెప్పారు. సరేనన్నవి రెండే. అందులో ఒకళ్లు ఏం చేశారో జయపురం దగ్గరికొచ్చాక చెప్తాను.

మాది పార్వతీపురం. చిన్నప్పుడు మృగశిర కార్తెలో నాలుగు ఉరుములు ఉరిమితే చాలు, రాయగడ వైపు నుంచి వచ్చే పాసింజర్‌లోంచి ఆడవాళ్లు గంపలు దించేవారు. ఇంటిదాకా వచ్చేలోపు మంచివి అయిపోతాయని నాన్న స్టేషన్‌కే వెళ్లి తెచ్చేవారు. ఇప్పుడుంటున్నది విశాఖలో. ఇక్కడా రోడ్డు పక్కన అప్పుడప్పుడు పుట్టకొక్కులు కనిపిస్తాయిగానీ, అప్పటికే గొడుగు విచ్చి, అంచులు నల్లబడి, వాసన మారిపోయి ఉంటాయి. అందుకే మూడేళ్లుగా సెలవుపెట్టి నేనే వాటికి ఎదురెళ్తున్నాను. మా ఆయన జలపాతాల కోసం వస్తారు. రానివ్వండి, సంచులు మోయడానికి మనిషి కావాలిగా.

మొదటి ఏడు జూన్ మొదటి వారంలో వెళ్లి పనసతొనలు తినొచ్చాం. ఒక్క కొక్కు లేదు. రెండు వానలు పడి నేల తడిసి, మళ్లీ ఉక్కపోసి, ఆపైన ఒక రాత్రి ఉరిమితే అప్పుడు లేస్తాయి. క్యాలెండర్ చూసి టికెట్లు తీసుకునే వ్యవహారం కాదు. ఆరుద్ర కార్తె నుంచి జూలై సగందాకా అయితే ఖాళీ చేతులతో రారు.

మా ఆఫీసులో కులూ అబ్బాయి ఒకడున్నాడు. వాళ్ల ఊళ్లో మంచు కరిగే చైత్రమాసంలో దేవదారు అడవుల్లో గుచ్ఛీ ఏరతారట, ఇంగ్లీషువాళ్లు మోరెల్ అనేది. తల తేనెపట్టులా గుంటలు గుంటలుగా ఉంటుంది, లోపలంతా బోలు. ఎండబెట్టింది కిలో వేలల్లో పలుకుతుంది. పచ్చిది తింటే కడుపు పట్టేస్తుందని, బాగా ఉడకాలని చెప్పి గుప్పెడిచ్చాడు. పులావులో వేశాను. బావుంది, కాదనను. కానీ ఎండినదాన్ని నీళ్లలో నానబెట్టి వండుకోవడం ఉప్పుచేప సుఖం. దానికి చలి కావాలి కాబట్టి మన కొండల్లో మొలవదు. మనది ఎండబెట్టి దాచుకునే సరుకే కాదు, పొద్దున పీకింది మధ్యాహ్నానికి పొయ్యెక్కాలి. పొయ్యి గురించి నా పట్టుదల అందుకే.

విశాఖ నుంచి పొద్దుటి కిరండూల్ పాసింజర్‌లో వెళ్లాం. అరకు దాకా నిలబడ్డానికి చోటుండదు, అరకులో బండి సగం ఖాళీ అవుతుంది, అక్కణ్ణుంచి కిటికీ మనదే. ప్రయాణం హాయే, కానీ ఆ హాయే కొంప ముంచింది. శుక్రవారం కుందులి సంత. కొరాపుట్ జిల్లాలో పెద్ద సంతల్లో అదొకటి. మేం కొరాపుట్‌లో దిగి, ఆటో మాట్లాడుకుని అక్కడికి చేరేసరికి రెండు దాటింది. అల్లం గుట్టలున్నాయి, చోళ్లున్నాయి (రాగులన్నమాట), వెదురు కొమ్ములు నీళ్ల గిన్నెల్లో ఉన్నాయి, మేకల బేరాలు సాగుతున్నాయి. ఛతు ఏదమ్మా అంటే ఒకామె ఖాళీ గంప బోర్లించి చూపించింది. అడుగున రెండు తొడిమలు అంటుకుని ఉన్నాయి. మీరు వెళ్తే రాత్రి బండి ఎక్కండి. నిద్ర చెడినా తెల్లారేసరికి సంతలో ఉంటారు.

ఆ రాత్రి సెమిలిగుడ దాటాక లోపలికున్న పల్లెలో బస. రెండు గదులు, పెంకుటిల్లు. స్నానాల గది బయట, కరెంటు తన ఇష్టం. ఇద్దరికీ రెండుపూటలా భోజనంతో రోజుకి 1200. దోమతెర అడిగి కట్టించుకున్నాం, మీరూ సిగ్గుపడకుండా అడగండి, ఈ జిల్లాలు మలేరియాకు పేరుమోసినవి. ఇంటి కోడలు విజయనగరం వైపు ఇటుకబట్టీలో రెండేళ్లు పనిచేసిందట, తెలుగు నాకంటే దబాయించి మాట్లాడుతుంది. వంట సంగతెత్తితే, “మీరు కొనుక్కొచ్చేదేటి? రాత్రి వాన పడితే మా అత్తతో వెళ్లండి” అంది.

వాన పడింది. నాలుగున్నరకే ముసలమ్మ తలుపు కొట్టింది. నెత్తిన గిడుగు, చేతిలో వెదురుకర్ర, నడుముకి బుట్ట. కోడలూ వెంటవచ్చింది. చోడిచేను గట్టు వెంట పావుగంట నడిచాక ముసలమ్మ ఒకచోట నిలబడి కర్రతో చూపించింది. నాకు మట్టి తప్ప ఏం కనబడలేదు. పుట్ట అంటే మనిషెత్తు కోవెలలా ఉంటుందని కదా మన ఊహ, అక్కడ నేల చదునుగా ఉంది. గూడంతా కిందే. వంగి చూస్తే మట్టి పెళ్లలు చీల్చుకుని బూడిదరంగు ముక్కులు లేస్తున్నాయి. ఒకటి కాదు, చాపంత మేర.

ఆవిడ పీకే తీరు చూడాలి. కాడ మొదట్లో రెండువేళ్లు దూర్చి, కొద్దిగా మెలితిప్పి, మెల్లగా లాగుతుంది. కాడ నేలలోకి జానెడు, ఒక్కోసారి మూరెడు దిగి ఉంటుంది. దాని రెండో కొస చెదల గూట్లో ఉంది మరి. చెదలు కట్టెనీ ఆకునీ నమిలి, ఆ పిప్పితో లోపల స్పాంజిలాంటి అరలు కడతాయి. వాటిమీద ఈ బూజును పెంచుకుంటాయి. మనకు అరగని కట్టెను బూజు మెత్తబరుస్తుంది, చెదలు దాన్ని తింటాయి. వాన తడి దిగాక ఆ బూజే గొడుగెత్తి బయటికొస్తుంది. 1942లో రోజే ఏమ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ జాతికి టెర్మిటోమైసిస్ అని పేరుపెట్టాడు, చెద బూజు అనే అర్థంలో. మనవాళ్లు పుట్టగొడుగు అని ఎప్పుడు పెట్టారో, అర్థం మాత్రం అదే! చెదలు చేసే ఈ సేద్యం మనుషులకు ఇంకా పట్టుబడలేదు, బొత్తాల మష్రూముల్లా షెడ్డులో పండదు. ‘పుట్టగొడుగుల్లా వెలిశాయి’ అని కోచింగ్ సెంటర్లను తిడుతుంటాంగానీ, ఇవి ఏడాదికి నాలుగు పొద్దులు కనిపిస్తే ఎక్కువ.

బాగా విచ్చినవాటిని ఆవిడ వదిలేసింది. వచ్చే ఏటికి విత్తనమనో, అడవితల్లికనో చెబుతుందని ఆశపడి ఎందుకని అడిగించాను. “పురుగు పట్టుంటాయి, ఎందుకూ?” అంది. నన్నొకటి పీకమంది. కాడ సగానికి పుటుక్కుమంది. ఆవిడ ఏదో అంది, కోడలు నవ్విందిగానీ అనువదించలేదు. నాలుగడుగుల అవతల ఇంకో గుంపు లేస్తుంటే అటు చెయ్యి చాచాను. కర్ర అడ్డుపెట్టింది. అది పై ఇంటివాళ్లదట. ఏ పుట్ట ఏ ఇంటిదో ఊళ్లో అందరికీ తెలుసు, గోడలూ కంచెలూ లేవు. అడవిలో దొరికేవాటిమీదా 2006 అటవీ హక్కుల చట్టం హక్కిచ్చింది అక్కడ బతికేవాళ్లకు, మనలా బుట్ట పట్టుకుని దిగేవాళ్లకు కాదు. ‘ట్రెక్కింగ్, మీరే ఏరుకోండి’ అని ప్యాకేజీ అమ్మే కుర్రాళ్లు కొరాపుట్‌లో తగిలారు, మనిషికి 1500 అడిగారు. ఎవరి పుట్ట దగ్గరికి తీసుకెళ్తారంటే జవాబు లేదు. ముసలమ్మకు నేనిచ్చింది 300, అదీ బలవంతాన.

వంట గురించి ఏం చెప్పను. ఆవ, వెల్లుల్లి, పచ్చిమిరప నూరి, పసుపూ ఉప్పూ, చెంచాడు నూనె కలిపి, గుగ్గిలం ఆకుల్లో పొట్లం కట్టి నిప్పుల్లో పెట్టారు. పత్రపోడా అంటారు. పై ఆకులు మాడి, లోపల కొక్కులు తమ నీళ్లలో తామే ఉడికాయి. ఇంత అన్నం, పక్కన చోడి అంబలి. మా ఆయన ఆ రోజు జలపాతం ఊసెత్తలేదు.

ఆదివారం జయపురం. కోటగోడ చూశాం. ఈ సంస్థానాన్నేలిన విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చిన దాత, తెలుగులోనూ ఒడియాలోనూ కవిత్వం రాసినవారు. విశాఖలో ఆ క్యాంపస్ ముందునుంచి రోజూ పోయే నాకు ఇక్కడికొస్తే చుట్టాలింటికి వచ్చినట్టుంటుంది. పొద్దుటి టిఫిన్ బండి దగ్గర సగంమంది తెలుగే.

బజార్లో బోడా దొరికింది, ఇంకో రకం పుట్టగొడుగు. దీనికి గొడుగు లేదు, పుట్టతో సంబంధం లేదు. గుగ్గిలం చెట్ల కింద మట్టిలో గోలీల్లా దాక్కుంటుంది, ఆ చెట్ల వేళ్లతో పొత్తు కట్టి బతుకుతుంది. తొలివానకు కర్రతో నేల గీకి ఏరతారు. చెట్టు పోతే ఇదీ పోతుంది. కొనేటప్పుడు ఒకటి కొరికించి చూడండి: లోపల తెల్లగా ఉంటేనే తీసుకోవాలి, నల్లపొడి అయితే ముదిరిపోయినట్టు. పావుకిలో 200 పెట్టి కొని, రాత్రి బసకు తీసుకెళ్లాను. 2200 అద్దె, మెత్తటి పరుపు, వేడినీళ్లు, ఫోన్లో ‘ఎందుకు వండం మేడమ్’ అన్న పెద్దమనిషి. పెద్ద గిన్నెలో వచ్చింది: టమాటా, జీడిపప్పు ముద్ద, ఎర్రరంగు, పైన క్రీము గీతలు. బోడాను మూడు నాలుగు నీళ్లలో రుద్ది కడగాలని ఆ వంటవాడికి తెలియదు. పళ్ల కింద ఇసుక కరకరలాడింది. బిల్లులో వంట కూలి 180. పరుపు బావుందని మా ఆయన ఇప్పటికీ ఆ హోటల్‌ని వెనకేసుకొస్తారు.

మర్నాడు గుప్తేశ్వరం. జయపురం నుంచి బైపరిగుడ మీదుగా గుగ్గిలం అడవిలో దారి, గుహలో శివుడు, కింద కొలాబ్ నది. మనం శబరి అనేది దాన్నే. గుడి పక్క అడవిని 2024లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చెట్ల కింద నేల గీకాలని వేళ్లు దురదపెట్టాయిగానీ చేతులు కట్టుకునే నడిచాను. టాక్సీకి 2500, డబ్బుకు తగ్గ దారి.

సోమవారం రాత్రి కొరాపుట్‌లో, ముందే కుదరదన్న ఆ అతిథి గృహంలోనే దిగాం. దుప్పట్లు ఉతికినవి, భోజనం పప్పూ అన్నం, శుభ్రం. వంటాయన దగ్గర మళ్లీ కదిపాను. “ఎవరు ఏరారో తెలీనిది నేను ముట్టుకోనమ్మా. ఎవరికేమైనా అయితే?” అన్నాడు. ఆ మాటకే ఈ బసకు నేను మార్కులు వేస్తాను. ఇక్కడ నిర్లక్ష్యం పనికిరాదు. వెండిచెంచా నల్లబడితే విషం, వెల్లుల్లి రంగు మారితే విషం అనేవన్నీ వట్టిమాటలు. ప్రాణం తీసే కొన్ని జాతుల విషం ఉడికినా పోదు. తిన్న ఆరు గంటలకో, పన్నెండు గంటలకో, ఇంకా ఆలస్యంగానో వాంతులు మొదలై, ఒకరోజు తగ్గినట్టే తగ్గి, ఆ తర్వాత కాలేయాన్ని పట్టుకుంటుంది. తగ్గిందని ఇంట్లో పడుకోకూడదు. కొరాపుట్‌లో లక్ష్మణ్ నాయక్ పేరిట మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు తిన్నదాంట్లో మిగిలిన ముక్క తీసుకెళ్లాలి.

కొరాపుట్ నుంచి రాయగడకు రైలు. సొరంగంలోంచి వంతెన మీదికి, వంతెన మీంచి సొరంగంలోకి. వానాకాలంలో ఆ దారికి టికెట్ డబ్బు చాలా తక్కువ. రాయగడలో ఉండే మా పెద్దమ్మ ఊళ్లో లేదు, మర్నాటికి వస్తానంది. స్టేషన్ దగ్గర లాడ్జిలో 700కు దిగాం. తలుపు గడియ పడదు, రాత్రంతా కుర్చీ అడ్డుపెట్టి పడుకున్నాం. అంతకంటే దాని గురించి రాయడానికి లేదు.

బుధవారం చటికొనా సంత. రాయగడ నుంచి నలభై కిలోమీటర్లుంటుంది, నియమగిరి నుంచి డొంగరియా కొందులనే ఆదివాసులు దిగివచ్చేది ఇక్కడికే. 2013లో పన్నెండు ఊళ్ల గ్రామసభలు బాక్సైట్ గనిని వద్దన్న కొండలవి. ఈసారి ఆరున్నరకే ఉన్నాం. ఆకుల మీద పోగులు పోసి కూర్చున్నారు, పోగు 100. బేరం చెయ్యలేదు. మా పక్కన ఒకాయన పొడుగు లెన్సు పెట్టి ఒక ముక్కుపుడకల అమ్మాయి మొహం మీదికి వంగుతుంటే, ఆమె గంప ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది. కొనేవాళ్లకు ఆ పిల్ల నవ్వుతూనే లెక్క చెప్పింది.

పదింటికల్లా పెద్దమ్మ వంటింట్లో ఉన్నాం. రెండు సంచులు పెట్టాను, చటికొనా పోగులు ఒకటి, రాయగడ బస్టాండులో ఒకబ్బాయి బతిమాలి అమ్మినవి ఇంకొకటి. కళ్లజోడు పెట్టుకుని సంత సంచిని చాట మీద పోసింది.

“ఏటే ఇవి? ఎవుల దగ్గర కొన్నావు?”

“ఇవి సంతలో ఒకామె దగ్గర. అవి బస్టాండులో.”

“ఆమె ఇంటికి వండుకోడానికి ఉంచుకుందా, అన్నీ నీకే అమ్మేసిందా?”

సగం బుట్టలోనే ఉంచుకుందని చెప్పాను. కాడలు ఒక్కొక్కటే తిప్పి, గోటితో గీరి, వాసన చూసి పొయ్యి వెలిగించింది. బస్టాండు సంచిని మూతి కూడా విప్పకుండా పెరట్లో గొయ్యి తీసి పూడ్పించింది, ఆవు తింటుందని. ఆ గొయ్యి తవ్వింది మా ఆయనే.