పదేళ్ల వాడకం తర్వాత ఉచిత మార్కెట్ డేటా

పదేళ్లుగా షేర్ల పాత ధరలను ఎక్కువగా ఉచిత వెబ్‌సైట్ల నుంచే దించుకుంటున్నాను; మధ్యలో రెండేళ్లు డబ్బు కట్టి, ధరల డేటా అమ్మే ఒక విక్రేత పంపే ఫీడ్‌ కూడా వాడాను.

ధర పుట్టేది ఎక్స్ఛేంజ్‌లో, కొనుగోలు ఆర్డరూ అమ్మకం ఆర్డరూ కలిసిన చోట. అది మన తెరకు చేరేలోగా రెండు మూడు చేతులు మారుతుంది. ఉచితంగా దొరికేది తరచు 15 నిమిషాల పాత ధరే అయినా, రోజు ముగిశాక లెక్కలు చూసుకునే నాలాంటివారికి దానివల్ల ఇబ్బంది లేదు.

చిక్కంతా చరిత్రలోనే ఉంది. ఆపిల్ షేరు 2020 ఆగస్టు 28న 499.23 డాలర్ల వద్ద ముగిసింది. ఆగస్టు 31 నుంచి ఒక షేరు నాలుగు షేర్లయింది (దీన్నే స్ప్లిట్ అంటారు) కాబట్టి, ఇవాళ అదే తేదీ ధర అడిగితే 124.81 అని వస్తుంది. ఇది తప్పు కాదు. స్ప్లిట్‌కు తగ్గట్టు సరిచేయకపోతే షేరు రాత్రికి రాత్రే ముప్పాతిక విలువ పోగొట్టుకున్నట్టు గ్రాఫు చూపిస్తుంది. అయితే పక్కనే ఉండే 'సరిచేసిన ముగింపు ధర' వరుసలో సాధారణంగా డివిడెండ్లను (కంపెనీ వాటాదారులకు పంచే లాభాలను) కూడా లెక్కలోకి తీసుకుంటారు, అందువల్ల కంపెనీ కొత్త డివిడెండ్ ఇచ్చిన ప్రతిసారీ వెనకటి అంకెలన్నీ మరికాస్త తగ్గుతాయి. ఈ సంగతి తెలియక పాత ఫైలు కిందే కొత్త వరుసలు అతికిస్తూ పోయి, దాదాపు ఏడాదిపాటు నా రాబడిని ఉన్నదానికంటే తక్కువగా లెక్కగట్టుకున్నాను. ఇప్పుడు ధరలు, స్ప్లిట్లు, డివిడెండ్లు వేర్వేరుగా దాచుకుని సర్దుబాటు నేనే చేసుకుంటున్నాను.

డబ్బు కట్టిన ఫీడ్‌లోనూ తప్పులు దొరికాయి. తప్పులు సహజమే గాని, ఫిర్యాదు చేశాక ఏ అంకెను ఎప్పుడు దిద్దారో చెప్పకపోవడం నాకు మింగుడుపడలేదు. దానికి కట్టిన డబ్బు ఒక్క విషయంలో మాత్రం గిట్టుబాటయింది: ఎక్స్ఛేంజ్ నుంచి తొలగిపోయిన కంపెనీల ధరలు అందులో ఉన్నాయి. నేను వాడిన ఉచిత సైట్లలో అవి చాలావరకు కనబడవు, బతికి బట్టకట్టిన కంపెనీల మీదే పాత ధరలతో పరీక్షిస్తే చెత్త పెట్టుబడి వ్యూహం కూడా గొప్పగా కనిపిస్తుంది.

వింత అంకెల సంగతి మరో తలనొప్పి. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు మే నెల ఫ్యూచర్స్ (ముందే కుదిరిన ధరకు తర్వాతి తేదీన సరుకు ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం) మైనస్ 37.63 డాలర్ల వద్ద ముగిసింది. సున్నా కంటే తక్కువ ధర ఉండదనుకుని నేను రాసుకున్న ప్రోగ్రామ్ ఆ నిజాన్ని చెత్తగా భావించి తుడిచేసింది. 2010 మే 6న యాక్సెంచర్ షేర్లు ఒక్క సెంటుకు చేతులు మారడమూ నిజమే, కాని ఆ లావాదేవీలు తర్వాత రద్దయ్యాయి. వాటిని ఆనాటి కనిష్ఠ ధరగా ఉంచాలా వద్దా అన్నది ఎవరో ఒకరు నిర్ణయించాల్సిందే, ఆ ఎవరో మనకు తెలియరు.

ఆర్థిక గణాంకాలకు సెయింట్ లూయిస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు నడిపే ఫ్రెడ్ అనే డేటాబేస్ నేను వాడిన ఉచిత మూలాలన్నింటిలో మెరుగైనది. జీడీపీ అంచనా మొదటి ప్రకటన తర్వాత పలుమార్లు మారుతుంది. ఫ్రెడ్‌కు తోడుగా ఉన్న భాండాగారం ఆల్‌ఫ్రెడ్‌లో ఏ తేదీన ఏ అంకె కనిపించిందో కూడా దొరుకుతుంది. షేర్ల ధరలకు అలాంటి ఏర్పాటున్న ఉచిత మూలం నాకింకా దొరకలేదు, అందుకే ప్రతి ఫైలు పేరులోనూ దాన్ని దించుకున్న తేదీ రాసుకుంటున్నాను.